నాన్న ఆఫీసు తాళం తిరిగి ఇచ్చేసరికి ఏడున్నర నెలలు పట్టింది

2024 ఆగస్టు 18, ఆదివారం తెల్లవారుజామున నాన్న పోయారు. గుండెపోటు. డెబ్బై ఒక్క ఏళ్లు. శనివారం రాత్రి పదింటి దాకా ఆఫీసులోనే ఉండి, సోమవారం వాయిదా ఉన్న కేసుల కట్టలు బల్ల మీద వరసగా పేర్చి ఇంటికొచ్చారట. నేను రాజమండ్రిలో హైస్కూల్ టీచర్ని. ఫోన్ వచ్చాక రావులపాలెం మీదుగా ఊరు చేరేసరికి ఏడున్నర. అప్పటికే గుమాస్తా బాబాయి మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. ముప్పై నాలుగేళ్లు నాన్న దగ్గరే పనిచేసిన మనిషి. నన్ను చూడగానే ఏడ్చారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "రేపు ఏడు కేసులున్నాయమ్మాయ్, రెండిట్లో సాక్షులొస్తారు" అన్నారు. అలాంటి సమయంలో ఆ మాటేమిటి అనిపించింది. ఆ తర్వాత ఏడున్నర నెలలు నా జీవితం ఆ ఏడు కేసులతో మొదలైన పని చుట్టూనే తిరిగింది.

నాన్న 1978లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యారు. కోనసీమలో మా ఊరి కోర్టులోనూ, అమలాపురం కోర్టుల్లోనూ నలభై ఆరేళ్లు ప్రాక్టీసు చేశారు. ఒక లాయరు చనిపోతే ఆ ఆఫీసు ఏమవుతుంది, అందులో ఉన్న జనం కాగితాలు ఏమవుతాయి అన్నది నేనెప్పుడూ ఆలోచించలేదు. లాయర్ల ఇళ్లలో పుట్టిన మిగతావాళ్లు కూడా ఆలోచించి ఉండరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగళవారం బార్ అసోసియేషన్ హాల్లో సంతాప సభ పెట్టారు. తర్వాత కోర్టు హాల్లో జడ్జి గారి ఎదుట రిఫరెన్సు, అంటే కోర్టు తరఫున నివాళి. మమ్మల్నీ రమ్మన్నారు. అమ్మ రాలేనంది. నేనూ తమ్ముడూ వెళ్లాం. నాన్న వాదించిన ఆ హాల్లోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఇరవై నిమిషాల నడక దూరంలో ఉన్న కోర్టుకి, నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా వెళ్లి ఆయన ఎలా నిలబడతారో చూడలేదు. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. బెంచి క్లర్కు కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. బయట వరండాలో నాకు తెలియని జనం చాలామంది, తలపాగా తుండ్లు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు.

మూడో రోజు సాయంత్రం గేటు దగ్గర ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. చివరికి అడిగాడు, "మా దస్తావేజు ప్లీడరు గారి దగ్గరే ఉందండి. ఎక్కడికీ పోదు కదండీ?" నాకు చాలా కోపం వచ్చింది. ఇంకా చిన్న కర్మ కూడా కాలేదు. తమ్ముడు వెళ్లి, పెద్ద కర్మ అయ్యాక రమ్మని పంపేశాడు. గుమాస్తా బాబాయి అది చూసి నా పక్కకొచ్చి నెమ్మదిగా చెప్పారు: "తప్పు పట్టకమ్మాయ్. వాళ్లకున్నదల్లా ఆ కాగితమే. 86 నించీ ఇక్కడే ఉంది."

1986 ఆగస్టు గోదావరి వరద గురించి మా ఇంట్లో కథలుగా విన్నాను. ఏటి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి ట్రంకు పెట్టెలు కొట్టుకుపోయాయి. వాటితో పాటు పొలం కాగితాలూ పోయాయి. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి నకళ్లు తీయించడానికి వాళ్లు ఎంతలా తిరిగారో నాన్న చూశారు. ఆ తర్వాత నాన్న ఒక ఇనప బీరువా కొని, అడిగిన వాళ్ల దస్తావేజులు అందులో దాచడం మొదలుపెట్టారు. కేసు ఉన్నా లేకపోయినా. రసీదు రాసిచ్చేవారు. డబ్బు తీసుకునేవారు కాదు. ఆఫీసులో ఆ బీరువా ఉందని నాకు తెలుసు. అందులో ఏముందో మాత్రం తెలియదు.

పెద్ద కర్మ అయ్యాక, ఆగస్టు 31 శనివారం ఆఫీసు తాళం తీశాం. నేను, గుమాస్తా బాబాయి, ఆరేళ్లుగా నాన్న దగ్గర జూనియర్‌గా ఉన్న లాయరమ్మాయి. పదమూడు రోజులు మూసి ఉన్న గది. పాత కాగితం వాసన, కలరా ఉండల వాసన, వానాకాలం గోడ చెమ్మ. బల్ల మీద సోమవారం కట్టలు అలాగే ఉన్నాయి. పక్కన ఒక రూళ్ల నోటు పుస్తకం. ఆ జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి కదా. పేజీకి మధ్యలో గీత గీసి ఎడం పక్క పాత సెక్షన్లు, కుడి పక్క కొత్తవి రాసుకున్నారు. 420కి ఎదురుగా 318(4). 302కి ఎదురుగా 103. భార్యకి మనోవర్తి ఇప్పించే పాత 125కి ఎదురుగా 144. ఆ 144 కింద రెండు గీతలు. జూనియర్ అమ్మాయి అది చూసి, "ఆ సెక్షన్ కేసులకి సారు ఫీజు తీసుకోరక్కా" అంది. డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో ఆయన మళ్లీ మొదటి నుంచి ఎక్కాలు నేర్చుకున్నట్టు నేర్చుకుంటున్నారు. నేను ఆ పుస్తకం మూసి చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

లెక్క పెట్టడానికే మూడు వారాంతాలు పట్టింది. మొత్తం 412 కట్టలు. అందులో నడుస్తున్న కేసులు 97. మిగతావి తీర్పు వచ్చి ముగిసినవి. బీరువాలో అసలు దస్తావేజులు 143.

ఇక్కడ అందరికీ పనికొచ్చే సంగతి ఒకటి. లాయరు చనిపోతే ఆయన వకాల్తా, అంటే క్లయింటు ఆయనకిచ్చిన అధికార పత్రం, అక్కడితో ముగిసిపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4లో అలాగే ఉంది. క్లయింటు ఇంకో లాయరుతో కొత్త వకాల్తా వేసుకుంటే చాలు. ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఎవరిస్తారు, వారసులు సంతకం పెట్టాలా అని రోజుకి ఇద్దరు ముగ్గురు అడిగేవారు. ఏమీ అక్కర్లేదు. లాయరు పోయిన సంగతి చెబితే కొత్త లాయరుని పెట్టుకోవడానికి కోర్టు వాయిదా ఇస్తుంది. మాకు ప్రతి కేసులోనూ ఇచ్చారు. కానీ ఆ వాయిదా తేదీ పార్టీకి తెలియాలి. తొంభై ఏడు మందికీ ఫోన్లు చేశాం. నంబరు పనిచేయని పద్దెనిమిది మందికి ఉత్తరాలు రాశాం. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే తర్వాతి తేదీ కనిపిస్తుంది. అది లేకపోతే మేం మునిగిపోయేవాళ్లం.

ఇంకొకటి, నాన్న సిమ్ కార్డు. తమ్ముడు మొదటి వారంలోనే ఆపేద్దామన్నాడు. గుమాస్తా బాబాయి వద్దన్నారు. ఆయన చెప్పకపోతే పెద్ద పొరపాటు జరిగేది. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. పార్టీలందరి దగ్గరా ఉన్నది ఆ నంబరే. ఆ ఫోన్ నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని బడికి వెళ్లేదాన్ని. ఇంటర్వెల్లో చూస్తే పది మిస్డ్ కాల్స్. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాలి, నాన్న లేరని. రోజుకి పది సార్లు ఆ వాక్యం పలకడం ఎంత కష్టమో చెప్పలేను. మొదటి నెల ప్రతిసారీ గొంతు పూడుకుపోయేది.

సెప్టెంబరు 22 ఆదివారం నాడు ఒక కవరు దొరికింది. కేసు నంబరు లేదు. లోపల మూడు లక్షల ప్రోనోటు, తేదీ 2021 సెప్టెంబరు 27. కవరు మీద నాన్న చేతిరాత: "దావా వేయాలి." పార్టీ ఒక ఆడమనిషి. కువైట్‌లో తొమ్మిదేళ్లు ఇళ్లల్లో పనిచేసి దాచుకున్న డబ్బు తెలిసినవాళ్లకి అప్పిచ్చింది. ప్రోనోటు మీద దావా వేయడానికి మూడేళ్లు గడువు. అంటే ఇంకా అయిదు రోజులే. నాకు చేతులు ఆడలేదు. జూనియర్ అమ్మాయి చూసి, "కోవిడ్ వల్ల 2022 ఫిబ్రవరి 28 దాకా రోజులు లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పిందక్కా, కాబట్టి టైం ఉందని వాదించొచ్చు. కానీ వాదన అవసరం లేకుండా వేసేయడమే సారు పద్ధతి" అంది. ఆ రాత్రే ఆవిడకి ఫోన్ చేశాం. సోమవారం కోర్టు ఫీజుకి డబ్బు సర్దుకుంది. బుధవారం, 25న, దావా దాఖలైంది. ఆ మూడు రోజులు పడిన టెన్షన్ నాన్న పోయిన రోజు కూడా పడలేదు. ఆ రోజు చేయడానికి నా చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు మాత్రం ఒక మనిషి తొమ్మిదేళ్ల కష్టం నా చేతిలో ఉంది.

అందుకే మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే ముందు కట్టలు కాదు, కవర్లు వెతకండి. నడుస్తున్న కేసుకి కోర్టులో రికార్డు ఉంటుంది. ఇంకా దాఖలు కాని కాగితానికి ఎక్కడా రికార్డు ఉండదు.

సర్టిఫికెట్ల సంగతి. నాన్న ఇంట్లోనే పోయారు కాబట్టి మరణ నమోదు పంచాయతీలో. 21 రోజుల్లోపు చెప్పాలి. ఆగస్టు 30న చెప్పాం, సెప్టెంబరు 9న సర్టిఫికెట్ వచ్చింది. నేను ఆధార్ చూసి వివరాలు రాసిచ్చాను. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంది. ఆధార్, పాన్, ఎన్‌రోల్‌మెంట్ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోకపోవడం నా తప్పే. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ వేయాల్సి వచ్చింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి సెప్టెంబరు మధ్యలో గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టాం. వీఆర్వో వచ్చి ఇరుగు పొరుగు ఇద్దరి వాంగ్మూలం రాసుకున్నారు. బెంగళూరు నుంచి తమ్ముడి కాగితాలు రావడానికే తొమ్మిది రోజులు పోయాయి. అక్టోబరు 14న చేతికొచ్చింది.

అడ్వొకేట్స్ వెల్ఫేర్ ఫండ్ దగ్గర మేం ఊహించనిది ఎదురైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1987 చట్టం ప్రకారం నడిచే నిధి అది. వకాల్తాల మీద అంటించే వెల్ఫేర్ స్టాంపుల డబ్బు దానికే వెళ్తుంది. దరఖాస్తు బార్ అసోసియేషన్ ద్వారా పంపాలి. మరణ ధ్రువపత్రం, ఒరిజినల్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, నామినీ వివరాలు అడిగారు. నామినీ కాలమ్‌లో నానమ్మ పేరు ఉంది. నానమ్మ 2009లోనే పోయింది. బ్యాంకు కాగితాల్లో నామినీ పేరు సరిచూసుకోమని ఊరందరికీ చెప్పిన మనిషి తనది మార్చుకోలేదు. అమ్మకి కాస్త బాధ కలిగింది. పైకి అనలేదు కానీ మొహంలో తెలిసింది. నేనూ తమ్ముడూ అభ్యంతరం లేదని అఫిడవిట్లు ఇచ్చి, డిసెంబరు 5న దరఖాస్తు పంపాం. మార్చి 12న అమ్మ ఖాతాలో డబ్బు పడింది. ఆ ఒరిజినల్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ ఇచ్చేసే ముందు కలర్ జిరాక్స్ తీయించి ఫ్రేము కట్టించాను.

అక్టోబరు 20 గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తాను.

కింది అరలో "ఇల్లు" అని రాసిన కట్ట ఉంది. కోర్టు కట్ట కట్టినట్టే కట్టారు, పైన అట్ట, లోపల విషయ సూచిక, పేజీ నంబర్లు. నా ఒకటో తరగతి ఫీజు రసీదు నుంచి ఉంది. తమ్ముడి టీకాల కార్డు. అమ్మకి 1993లో ఆపరేషన్ అయినప్పటి మందుల చీటీలు. అత్తయ్య పెళ్లికి తీసుకున్న అప్పు, అది తీరిన తేదీ. బాబాయిలిద్దరి కాలేజీ ఖర్చులు. చివర్లో, 2024 ఫిబ్రవరి నాటి ఎకో రిపోర్టు. గుండె రక్తనాళాల పరీక్ష వెంటనే చేయించుకోమని డాక్టరు రాశారు.

డైరీ తీసి చూశాను. మార్చి 11, "కాకినాడ, డాక్టరు" అని రాసి కొట్టేశారు. ఏప్రిల్ 22, మళ్లీ రాసి కొట్టేశారు. జూన్ 24, అదీ కొట్టేశారు. ఆ మూడు పేజీల్లోనూ ఒకే అప్పీలు వాదనలున్నాయి, ఒక కౌలు రైతుది. జులై 29న "డాక్టరు" అని రాసి, పక్కన "వచ్చే నెల" అని ఉంది. మే నెలలో కోర్టుకి సెలవులే. కానీ ఆ నెలంతా మేనకోడలి పెళ్లి పనుల్లో తిరిగారు. ఇంటికెళ్లి అమ్మని అడిగాను. అమ్మ వంటింటి గట్టు పట్టుకుని నిలబడి, "పిల్లలకి చెప్పొద్దన్నారే. కంగారు పడతారని" అంది. ఆ రాత్రి నాన్న మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. అందరికీ వాయిదా లేకుండా పని చేసిన మనిషి, తనకి మాత్రం నాలుగు వాయిదాలు వేసుకున్నారు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా నాకు లేదు.

రెండు వారాలు ఆఫీసు వైపు వెళ్లలేదు. గుమాస్తా బాబాయే ఫోన్ చేశారు. "దస్తావేజుల పని మిగిలిపోయిందమ్మాయ్. వర్షాలు తగ్గాయి, లంకల్లోకి వెళ్లొచ్చు."

143 దస్తావేజుల్లో యాభై ఎనిమిదింటికే ఫోన్ నంబర్లు దొరికాయి. మిగతా వాటికి మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లాలి. నవంబరు నుంచి జనవరి దాకా ప్రతి ఆదివారం, సెలవు రోజుల్లో, ఆటోలో బయలుదేరేవాళ్లం. పి.గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడక్టు దాటి, అక్కడి నుంచి లంకల్లోకి. కొన్నిచోట్ల పడవ. మా పద్ధతి ఇదీ: ఒక రిజిస్టరు, అందులో దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ రిజిస్ట్రార్ ఆఫీసుదో, తీసుకునేవాళ్ల సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు, ఆధార్ జిరాక్స్. దస్తావేజు చేతిలో పట్టుకుని ఒక ఫోటో. సొంతదారు చనిపోయి ఉంటే వారసులందరూ కలిసి వస్తేనే ఇచ్చాం. ఈ నియమం జూనియర్ అమ్మాయి పెట్టింది. దానివల్ల కొందరితో మాట పడ్డాం, కానీ అది సరైనదే. ఒకచోట అన్నదమ్ములిద్దరూ విడివిడిగా వచ్చి నాకివ్వమంటే నాకివ్వమన్నారు. ఇద్దరూ కలిసి వచ్చినప్పుడే ఇస్తామన్నాం. ఏడు వారాల తర్వాత వచ్చారు, ఒకే మోటారుసైకిల్ మీద.

మూడో రోజు మా గేటు దగ్గరికి వచ్చిన పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. పాక ముందు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఆ రోజు అలా పంపేసినందుకు తప్పయిందని చెప్పబోతే, వినలేదు. "అయ్యో, మీ ఇంట్లో అంత కష్టంలో ఉంటే వచ్చి అడిగాను, నాదండి తప్పు" అన్నాడు. దస్తావేజు విప్పి, చదువు రాకపోయినా, అక్షరాల మీద వేలు పెట్టి తడుముకుంటూ పోయాడు. ఎకరం నలభై సెంట్లు. అందులో సగం ఇప్పుడు ఏట్లో కలిసిపోయిందట. "పొలం కోసుకుపోయిందండి. కాయితం మాత్రం ప్లీడరు గారు పోనివ్వలేదు" అన్నాడు. వస్తుంటే ఆటోలో పది కొబ్బరికాయలు పెట్టించాడు.

కొబ్బరికాయల మాట ఫీజు పుస్తకంలోనూ చాలాచోట్ల ఉంది. నాన్న ఆదాయం, బాకీ రెండూ అందులో రాసేవారు. కొన్ని ఎంట్రీలు: "కాయలు 20, అరటి గెల 1, చెల్లు." "కూతురి పెళ్లి అయ్యాక." "అడగవద్దు." ఈ "అడగవద్దు" అన్నది నలభై మూడు చోట్ల ఉంది, నేను లెక్కపెట్టాను. బాకీలు మొత్తం కూడితే చిన్న మొత్తం కాదు. తమ్ముడు అడిగాడు, కట్ట ఇచ్చేటప్పుడు ఫీజు బాకీ అడగొచ్చు కదా అని. అడగొచ్చు, కానీ ఇవ్వకపోతే కాగితాలు ఆపడానికి వీల్లేదు. ఫీజు కోసం క్లయింటు ఫైలు పట్టుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. మేం ఎవరినీ అడగలేదు. పదకొండు మంది వాళ్లంతట వాళ్లే తెచ్చిచ్చారు.

అందరూ అలా లేరు. ఒకాయన వచ్చి నలభై వేలు అడ్వాన్సు ఇచ్చానన్నాడు, తిరిగిమ్మన్నాడు. పుస్తకంలో అలాంటి ఎంట్రీ లేదు. నాన్న పది రూపాయల స్టాంపు కూడా రాసుకునే మనిషి. పుస్తకం చూపించాం. గొడవ చేసి, నాన్నని ఒక మాట అని వెళ్లిపోయాడు. అమ్మ లోపలి నుంచి విన్నది. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు.

జనవరి మొదట్లో కాట్రేనికోన అవతల ఒక సముద్రపు పల్లెకి వెళ్లాం. 1996 నవంబరు 6 తుపానులో ఆ ఇంటి మగమనిషి వేటకి వెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు భావించవచ్చు. ఏడేళ్లు పూర్తయ్యాక 2004లో నాన్న దావా వేశారు, ఆయన చనిపోయినట్టు ప్రకటించమని. డిక్రీ వచ్చింది. ఆ కట్టలో ఆవిడ వేలిముద్ర ఉన్న వకాల్తా, భర్త ఫోటో ఒకే ఒక్కటి. ఆ ఫోటో ఇవ్వడానికే వెళ్లాను. ఇంకో కాపీ ఆవిడ దగ్గర లేదు. ఇరవై ఏళ్లుగా మా బీరువాలో ఉంది.

ఫోటో చూసి ఆవిడ ఏడవలేదు. కొడుకుని పిలిచి చూపించింది. అతనికిప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి, తండ్రి మొహం గుర్తులేదు. తర్వాత నాతో అంది: "ఊళ్లో అందరూ పోయాడు, పోయాడు అనేవారమ్మా. కోర్టు చెప్పేదాకా ప్లీడరు గారు ఒక్కరే ‘మీ ఆయన కూడా పడవ మీదే వెళ్తాడా’, ‘మీ ఆయనకి ఎంతమంది అన్నదమ్ములు’ అని ఉన్నవాడి గురించి అడిగినట్టు అడిగేవారు. డిక్రీ వచ్చిన రోజు నన్ను పక్కకి కూర్చోబెట్టి, అమ్మా, ఇంక ఎదురు చూడకు అన్నారు. ఆ రోజే ఏడ్చాను." తిరిగొచ్చేటప్పుడు ఆటోలో గుమాస్తా బాబాయి, నేను ఒక్క మాట మాట్లాడుకోలేదు.

పుస్తకాల విషయం త్వరగా చెప్తాను. గోడంతా ఏఐఆర్, ఏఎల్‌టీ బౌండు వాల్యూములు, పాత తీర్పుల సంపుటాలు. నాన్న అప్పు చేసి కొన్నవి కొన్ని. ఇప్పుడు తీర్పులన్నీ కంప్యూటర్లో దొరుకుతాయి, ఎవరికీ అక్కర్లేదు. పాత కాగితాలవాళ్లు కిలో లెక్కన అడిగారు. వ్యాఖ్యాన గ్రంథాలు బార్ లైబ్రరీ తీసుకుంది. జూనియర్ అమ్మాయి రెండు అరలు తీసుకుంది. మిగతావి నేను అమ్మలేదు. మా ఇంటి మేడ మీద గదిలో ఉన్నాయి, చెదలు పట్టకుండా నెలకోసారి చూడాలి.

ఖర్చుల లెక్క కూడా ఇస్తున్నాను, ఎవరికైనా అంచనాకి పనికొస్తుంది. ఆఫీసు అద్దె నెలకి 6,500 చొప్పున ఏడు నెలలకి 45,500. గుమాస్తా బాబాయి జీతం నెలకి 12,000. ఆయన వద్దన్నారు, కానీ అమ్మ ఒప్పుకోలేదు. ఏడు నెలలకి 84,000. ఆటోలు, పడవలకి దాదాపు 14,000. జిరాక్సులు, కవర్లు, పోస్టేజీ 5,200. నోటరీ, అఫిడవిట్లు 2,100. మొత్తం లక్షన్నర పైనే. తొంభై ఏడు కేసుల్లో అరవై ఒకటి జూనియర్ అమ్మాయి దగ్గరికే వెళ్లాయి. ఎవరినీ మేం ఫలానా లాయరు దగ్గరికి వెళ్లమని చెప్పలేదు. అడిగితే బార్‌లో ఉన్నవాళ్లందరి పేర్లూ చెప్పేవాళ్లం. ముగిసిన కట్టల్లో ఎవరూ రానివి, అందులో అసలు కాగితం ఒక్కటీ లేదని ఇద్దరు మనుషులు రెండుసార్లు చూశాకే చించి పారేశాం.

2025 మార్చి 30 ఉగాది. ఆ రోజు పొద్దున్న ఆఫీసు గడప కడిగి మామిడాకులు కట్టాను, ప్రతి ఏడూ నాన్న కట్టేవారు కాబట్టి. మర్నాడు ఇంటివాళ్లకి తాళం ఇచ్చేశాం. గుమాస్తా బాబాయి బోర్డు విప్పి, తుండుగుడ్డలో చుట్టి, మా ఇంటికి మోసుకొచ్చారు. రిక్షా ఎక్కమంటే ఎక్కలేదు.

బీరువా కూడా ఇంటికొచ్చింది. 132 దస్తావేజులు వాళ్ల వాళ్లకి చేరాయి. పదకొండు మిగిలాయి. ఆ పేర్లతో ఆ ఊళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. ఏట్లో లంక కోసుకుపోయి వలసపోయినవాళ్లు కొందరు. వాటికి రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీలు (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రాలు) తీయిస్తున్నాను. తర్వాత ఏ లావాదేవీ జరిగినా ఆ పేర్లు అందులో వస్తాయి, వాటిని పట్టుకుని వెతకొచ్చు. అలా ముగ్గురి ఆచూకీ దొరికింది. ఒకరు సఖినేటిపల్లిలో ఉన్నారు, ఇద్దరు పంటు (జనాన్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి నరసాపురం వైపు. వచ్చే ఆదివారం నేనూ బాబాయీ వెళ్తున్నాం. నాన్న నంబరుకి రీఛార్జి జూన్ దాకా చేయించాను.